కొండవాగు అని రాసిన చీటీ

తమ్ముడికి,

అక్క దీవెనలు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా మోకాళ్లను లెక్కలోంచి తీసేస్తే. నువ్వూ, మరదలూ, పాపా అక్కడ చల్లగా ఉన్నారని తలుస్తాను. పాపకి పాలపళ్లు ఊడుతున్నాయని రాశావు. దాచుకుంటోందా? నువ్వు దాచుకునేవాడివి, అగ్గిపెట్టెలో, ఒక్కో పంటికీ తారీఖు వేసి. వీడు పెద్దయ్యాక ఏ మ్యూజియంలోనో తేలతాడని అప్పుడే అనుకోవాల్సింది.

నీ ఉత్తరం అంది తొమ్మిది రోజులైంది. జవాబు మూడుసార్లు మొదలుపెట్టి, మడిచి పక్కన పెట్టాను. ఫోను చేయకపోయావా అంటావు. ఫోనులో నువ్వు మధ్యలో అందుకుంటావు. ఈసారికి నన్నొక్కదాన్నే మాట్లాడనివ్వు. పైగా దీనితో ఒక చిన్న డబ్బా కూడా పంపాలి.

ముందే ఒక మాట. ఆస్పత్రి వెనక గుంట పూడ్చుకోవచ్చని ఇరవయ్యో తారీఖులోపు నువ్వు సంతకం పెట్టి పంపాలన్నావు. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు ఆ సంతకం పెట్టకు. పోస్టాఫీసులో అడిగాను, అయిదు రోజుల్లో అందుతుందన్నారు. నీకు వ్యవధి ఉంటుంది.

ఇక్కడి సంగతులంటే, చెల్లి మామూలే. వారానికి రెండుసార్లు వస్తుంది. వచ్చి, నేనెలా బతకాలో చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్తుంది. నేను గుంటలో దిగిన సంగతి ఎవరు మోశారో గానీ మొన్న గుమ్మంలోంచే అందుకుంది.

"రిటైరవడానికి ఇంక నాలుగు నెలలుంది. ఈలోపు బురదలో దిగే రాత ఏంటే అక్కా నీకు? కాలు జారితే నీ ముద్దుల తమ్ముడు అక్కణ్ణించి వల విసిరి లాగుతాడా?"

"చీలమండ లోతేనే" అన్నాను.

"నీ వయసుకి అది చాలు" అంది. తర్వాత మోకాలికి రాసుకునే మందు సీసా ఒకటి బల్లమీద ఠప్పున పెట్టి వెళ్లిపోయింది. దాని ప్రేమ ఎప్పుడూ చప్పుడు చేస్తూనే వస్తుంది.

పని సంగతి అడిగావు. పెద్ద ఉతుకు మిషను నెల రోజులుగా పడుకుంది. నాలుగు వార్డుల బట్టలు చిన్నదాని నెత్తినే. పొద్దున ఏడింటికి మడతబల్ల దగ్గర నిలబడితే మళ్లీ కూచునేది ఒంటిగంటకి. చేతులు వాటంతటవే పోతుంటాయి. అంచుకి అంచు, సగం, మళ్లీ సగం, వార్డు గుర్తు పైకి. ఈ మధ్య ప్రార్థనకి చేతులు జోడించినా, అవి దుప్పటి మడత పెడుతున్నట్టే కదులుతున్నాయి. దేవుడు చూసి నవ్వుకుంటూ ఉండొచ్చు. నేను మాత్రం అలిసిపోయాను తమ్ముడూ. ఈ మాట నీకు ఇంతకుముందెప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయడానికి ఒక కారణం ఉంది, దాని దగ్గరికి వస్తాను.

నువ్వు అయిదు ప్రశ్నలు పంపావు. పరీక్ష కాగితంలాగా ఒక్కోదాని కింద జవాబుకి జాగా కూడా వదిలావు. నాలుగు మధ్యాహ్నాలు, పని ఆగిన అరగంటలో వెళ్లి చూశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

గుంటలో తూనీగ రంగు అడిగావు. ఎరుపే. పండు మిరపకాయ ఎరుపు. తోకే కాదు, మొహం కూడా ఎరుపే. రెక్కల మొదట్లో తేనె చుక్క ఇంకినట్టు ఒక మరక. ఆడవి అసలు ఎర్రగా ఉండవు. గోధుమ రంగు మీద తెలుపూ పసుపూ పట్టీలు. తెలియనివాళ్లు కందిరీగ అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. నేనూ మొదటిరోజు తీసుకున్నాను.

ఎర్ర తూనీగలు సవాలక్ష ఉంటాయి, సైజు కచ్చితంగా కొలిచి చెప్పమన్నావు. మా దుప్పట్ల అంచు కుట్టు సరిగ్గా ముప్పావు అంగుళం. పనికిరాని దుప్పటిలోంచి ఒక అంచు ముక్క కత్తిరించుకుపోయాను. అది తుంగ పుల్ల మీద వాలి ఉండగా మెల్లగా పక్కన పెట్టి చూశాను. తల నుంచి తోక కొస దాకా అంచు దాటలేదు. పెద్ద ఎర్రవి కూడా వస్తాయి, నీళ్ల టాంకు గట్టుమీద వాలతాయి. వాటికి ఇలాంటి ముక్కలు రెండు కావాలి. ఇది పిల్లదేమో, ఇంకా పెరుగుతుందేమో అన్న అనుమానం నాకు రాలేదు. రెక్కలొచ్చిన తూనీగ ఇంక పెరగదని చిన్నప్పుడు నాకు పాఠం చెప్పినవాడివి నువ్వే.

ఎలా వాలుతుందన్నావు. పొద్దున పనికి వస్తూ చూస్తే మామూలుగానే వాలి ఉంటుంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తోక నిట్టనిలువుగా ఆకాశానికి ఎత్తేస్తుంది. ఒంటి మీద ఎండ తక్కువ పడటానికట కదా. ఒక్కో మగది పరిచిన దుప్పటంత జాగా తనదంటుంది. పక్కది వస్తే తరిమి, మళ్లీ వచ్చి అదే పుల్ల కొస మీద కూచుంటుంది. మా జనరల్ వార్డులో కిటికీ పక్క మంచాల కోసం జరిగేదీ ఇదే.

నాలుగో రోజు ఇస్త్రీ బాబాయి వెనకే వచ్చి నిలబడ్డాడు. డాక్టర్ల కోట్లు ఇస్త్రీ చేసే ఆయన, నీకు గుర్తుండే ఉంటాడు. నాకంటే ముందు రిటైరై, ఇంట్లో ఉండలేక మళ్లీ వచ్చి చేరాడు.

"ఏమ్మా డాక్టరమ్మా, ఈ వార్డులో ఎంతమంది?"

"మగవి పదకొండు, ఆడవి నాలుగు బాబాయ్."

"డిశ్చార్జి ఎప్పుడు?"

"అది మా తమ్ముడు రాయాలి" అన్నాను.

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఇక మిగిలినవి రెండు. నీళ్లు పారుతున్నాయా నిలిచి ఉన్నాయా, నీడ ఉందా లేదా. వాటి పక్కనే నువ్వు రాశావు: "ఈ రెండూ చూస్తే చాలక్కా. ఎండలో నిలవ నీరైతే అది మన తూనీగ కాదు. వేరే చోట్ల ఎలా ఉన్నా, మన దగ్గర దానికి నీడా పారే వాగూ కావాలి. నువ్వు పట్టిందే కదా సాక్ష్యం. ఊరికే నా తృప్తి కోసం ఒకసారి చూసి చెప్పు, సంతకం పెట్టేస్తాను."

వాటి జవాబు ఇప్పుడే రాయను. ముందు ఇంజనీరు సంగతి చెప్పాలి.

ఆయన మంచివాడే. గుంట పక్కన టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోంచి వస్తున్నాను.

"అమ్మా, పడతారు. ఇక్కడేం పని మీకు?"

"తూనీగలు చూస్తున్నాను బాబూ."

"మీరు కూడానా!" అని తల పట్టుకున్నాడు. "కాలేజీ పిల్లలు ఇద్దరు వచ్చి ఏదో ఎర్ర పురుగు కనిపించిందని అర్జీ పెట్టారు. ఫైలు ఆగిపోయింది. రోగుల తాలూకు మనుషులు ఎండలో నిలబడి మాడిపోతున్నారు, రోజూ చూస్తున్నారుగా మీరు. వాళ్లకో షెడ్డు, అంబులెన్సు తిరగడానికి కాస్త జాగా. నేనేమన్నా ఇక్కడ ఇల్లు కట్టుకుంటున్నానా?"

ఆ మాట నిజమే. గేటు దగ్గర గోడ నీడ ఎటు జరిగితే అటు జరిగే మనుషుల్ని రోజూ చూస్తున్నాను.

ఆయన ఫైలు తెరిచి జిరాక్సు కాగితాలు తీశాడు. "ఈయన దీంట్లో పెద్ద నిపుణుడు. ఆ పురుగుకి నీడవాగు కావాలని ఈయనే కనిపెట్టాడు. ఇది చూడండి, నీడుందా? వాగుందా? బురద. ఆయన సంతకం వస్తే పని మొదలు."

అవి నీ కాగితాలే. ఇరవై నాలుగేళ్ల నాటివి. బొమ్మ చూసి గుర్తుపట్టాను, తోక ఎత్తిన ఆ బొమ్మ నువ్వు మంచం మీద పడుకుని వేసింది. ఇంజనీరు ఆఖరి పేజీ తిప్పి, కింద వరస చూపించాడు. "కాలు విరిగి నేను మంచంలో ఉంటే, ప్రతి ఆదివారం నా బదులు కొండ ఎక్కిన మా అక్కకు."

"ఈ అక్క ఎవరో గానీ గొప్ప మనిషమ్మా" అన్నాడు. "ఇలాంటివాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?"

"లేరు బాబూ" అన్నాను.

ఇంటికొచ్చి చాలాసేపు ప్రార్థనలో కూచున్నాను. ఇప్పుడు నీకు రాస్తున్నాను.

తమ్ముడూ, ఆ తూనీగ దొరికిన ఆదివారం నేను కొండ ఎక్కలేదు.

మొదటి ఏడు ఆదివారాలూ ఎక్కాను. అది నిజం. నువ్వు కాలికి కట్టుతో మంచంలో ఉన్నావు. నెలాఖరులోపు ఏదన్నా కొత్తది పట్టి చూపించకపోతే ఏడాది పోతుందన్నారు మీ మాస్టారు. వారంలో ఆరు రోజులు మడతబల్ల దగ్గర నిలబడి, ఏడో రోజు చీకటితోనే లేచి, రెండు బస్సులు మారి, వల భుజాన వేసుకుని కొండ ఎక్కేదాన్ని. వాగులో మామూలు తూనీగలే దొరికేవి. నువ్వు నేర్పినట్టే కాగితం త్రికోణాల్లో మడిచి తెచ్చేదాన్ని. ప్రతిదానికీ ముందు దేవుడికి క్షమాపణ చెప్పుకునేదాన్ని. ఇంటికొచ్చేసరికి నువ్వు వాటిని ఒక్కొక్కటే విప్పి చూసి, "ఫరవాలేదక్కా" అనేవాడివి. ఆ "ఫరవాలేదు" వినడానికి నాకు కొండకంటే కష్టంగా ఉండేది.

ఎనిమిదో ఆదివారం మొదటి బస్సెక్కాను. ఆస్పత్రి స్టాపులో బస్సు ఆగింది. ఆరు రోజులు దిగిన చోటే కాబట్టి కాళ్లు దిగేశాయి అనుకుందామని చూశాను. అది అబద్ధం. తెలిసే దిగాను. ఇంకో బస్సెక్కి, ఇంకో కొండెక్కే ఓపిక నా ఒంట్లో లేదు. ఇంటికి వెళ్దామంటే నువ్వు చూస్తావు. అందుకని బట్టల షెడ్డు వెనక్కి వెళ్లి, ఊటగుంట పక్కన ఉన్న బండమీద కూచున్నాను. సెలవు రోజు, అక్కడ ఎవరూ ఉండరు. వల ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాను. అంత నిద్ర అంతకుముందు ఎప్పుడు పోయానో నాకు గుర్తులేదు.

మొహం మీద ఎండ పడి మెలకువ వచ్చింది. ఎదురుగా తుంగ కొసన ఎర్రగా ఒక చుక్క. తోక పైకెత్తి ఉంది. మొదట ఏదో పువ్వనుకున్నాను. అది ఎగిరి మళ్లీ అక్కడే వాలింది. కూచున్నచోటు నుంచి లేవకుండానే వల వేశాను. అంతే, అదే నీ తూనీగ.

ఇంటికొచ్చి త్రికోణం చేతిలో పెట్టాను. నువ్వు విప్పావు. తర్వాత కట్టుకాలు సంగతే మర్చిపోయి ఒంటికాలిమీద గది అంతా గెంతావు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, పడ్డావేమోనని.

"ఎక్కడక్కా! ఎక్కడ దొరికింది ఇది?"

"ఎక్కడేంట్రా, కొండమీదే."

"వాగు దగ్గరేనా?"

"ఆ, వాగు దగ్గరే."

"నీళ్లు పారుతున్నాయా?"

"పారుతున్నాయి."

"ఎండా నీడా?"

"నీడే" అన్నాను.

నువ్వు అప్పుడే చీటీ రాశావు, చిన్న అక్షరాలతో. "కొండవాగు. నీడ. పారే నీరు. పట్టినది: అక్క." సూదికి గుచ్చావు. చీటీలో అక్క అని పెట్టకూడదు, పేరుండాలి అన్నారట మీ మాస్టారు. నువ్వు మార్చలేదు. మీ మ్యూజియంలో కొత్తగా చేరిన ఒకాయన, "ఈ అక్క గారు ఇంకేమేమి కనిపెట్టారండీ" అని అడిగాడని ఆ మధ్య రాశావే, చదివి చెల్లి పడీపడీ నవ్వింది. నేను లేచి లోపలికి వెళ్లాను.

రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు మీ మాస్టారు ఇంటికే వచ్చారు. ఆ పైవారం చెబుదామనుకున్నాను. నువ్వు రాయడం మొదలుపెట్టేశావు. అన్నిచోట్లా ఎండగుంటల్లో ఉండే తూనీగ ఇక్కడ నీడవాగులో ఉందని, అదే గొప్ప సంగతి అని. నీడ అన్నది నా నోట్లోంచి ఊరికే వచ్చిన మాట. కొండమీద వాగు నీడలోనే ఉంటుంది కదా అని అన్నాను. ఆ ఒక్కమాట మీద నువ్వు పదిహేను పేజీలు కట్టావు. ఈ తూనీగ నీడలో ఎలా ఉంటుందని పరీక్షలో ఎవరో నిలదీస్తే, "మా అక్క అబద్ధం చెప్పదు సార్" అన్నావట. ఆ సంగతి నాకు నువ్వే సంబరంగా చెప్పావు. ఇక అక్కడి నుంచి నా నోరు పెగల్లేదు.

కాలు బాగయ్యాక నువ్వు ఆ కొండ నాలుగుసార్లు ఎక్కావు. ఒక్కటి కూడా దొరకలేదు. నాలుగోసారి దిగివచ్చి చెప్పులు కూడా విప్పకుండా మెట్లమీద కూచున్నావు. "అయిపోయిందక్కా, ఆ వాగులో అది ఇంక లేదు. మనం చూసిందే ఆఖరిదేమో. దాన్ని నేనే చంపించాను" అన్నావు. నీ కళ్లలో నీళ్లు. నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. అప్పుడు కూడా చెప్పలేదు. వీటన్నిట్లోకీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఆ వాగులో అది ఏనాడూ లేదు నాన్నా. నువ్వు దేన్నీ అంతం చెయ్యలేదు. ఇరవై నాలుగేళ్లు ఆ బరువు ఊరికే మోశావు.

ఈ గుంటకి అవి ఏటా వస్తూనే ఉన్నాయి, ఎండలు ముదిరే వేళకి. షెడ్డు వెనక తీగ ఉంది, బట్టలారేసేది. అవి కనిపించే రోజుల్లో నేను పెద్ద దుప్పట్లు అటువైపు ఆరేసేదాన్ని. వాటికి ఎండ తగలకుండా కాదు, ఎండ వాటికి తగులుతూనే ఉండేది. నా కంటికి అవి కనపడకుండా.

ఎందుకు చెప్పలేదో నన్ను నేనే చాలాసార్లు అడిగి చూసుకున్నాను. నీకు కోపం వస్తుందని భయపడ్డానా? అది కాదు. చోటు తప్పు చెప్పానని ఒప్పుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. ఎందుకు తప్పు చెప్పావంటే ఏం చెప్పను? అలిసిపోయాను అని చెప్పాలి. నాన్న పోయాక ఇంట్లో ఆ మాట అనే హక్కు నాకు లేదనుకున్నాను. అమ్మ అలిసిపోవచ్చు, చెల్లి మూతి ముడవచ్చు, నీ కాలు విరగవచ్చు. పెద్దది మాత్రం నిలబడాలి. నిలబడుతుందని మీరందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను, అందులో కొంత గర్వం కూడా ఉంది. నువ్వు ఆ వరస అచ్చులో వేశాక ఆ కొండ దిగడం నావల్ల కాలేదు.

దేవుడికి మాత్రం ఏనాడో చెప్పేశాను. ఆయనకి చెప్పడం తేలిక తమ్ముడూ, ఆయన ఏ పత్రికలోనూ వెయ్యడు.

కాబట్టి నీ నాలుగో ప్రశ్నకి జవాబు: నీళ్లు పారడం లేదు. బండ కింద నుంచి ఊరి, చీలమండ లోతున నిలుస్తాయి. మండు వేసవిలోనూ ఎండిపోవు. పైన తుప్పు రంగు తెట్టు. మా సబ్బు నీళ్ల కాలువ అటు పోదు, మొదటినుంచీ అవతలి వైపే. పొట్టి తుంగ తప్ప వేరే మొక్క లేదు. అయిదో ప్రశ్నకి జవాబు: నీడ లేదు. ఎప్పుడూ లేదు.

ఇది బయటపడితే నీ పేరుకి ఏమవుతుందో నాకు తెలుసు. ఆ నీడవాగు మీదే నీకు ఆ ఉద్యోగం వచ్చింది. నీ కింద చదువుకున్నవాళ్లు అదే నమ్మి, ఇన్నేళ్లూ వాగుల వెంట తిరిగారు. నువ్వే లేచి నిలబడి అది తప్పు అని చెప్పాలి. ఎవరు చెప్పారంటే మా అక్క అనాలి. చిన్న పని కాదు. నేను రాసి సంతకం చేసిన కాగితం ఒకటి జత చేశాను. అందులో తప్పు నాదని, నీకు తెలియదని ఉంది. నిన్ను అడగకుండా అది ఎవరికీ చూపించలేదు.

మొన్న ఇంజనీరు మళ్లీ మా బట్టల షెడ్డు దగ్గరికి వచ్చాడు. ఆ గొప్ప అక్కని నేనేనని ఆయనకి చెప్పలేదు, అది ముందు నీకు తెలియాలి కాబట్టి. కానీ ఒకమాట అడిగాను.

"బాబూ, గేటుకి అటువైపు పాత బాయిలరు తుప్పు పట్టి పడుంది కదా. అది తీసేస్తే షెడ్డుకీ అంబులెన్సుకీ రెండింటికీ జాగా రాదా?"

"వస్తుందమ్మా. కానీ బాయిలరు తీయాలంటే ఇంకో ఫైలు నడపాలి."

"తుప్పుకి కూడా ఫైలు ఉంటుందా?"

ఇస్త్రీ బాబాయి కోటు మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: "ఉంటుందమ్మా. ఆ ఫైలుకి పట్టిన తుప్పుకి ఇంకో ఫైలు."

ఇంజనీరు నవ్వేశాడు. తర్వాత గుంటవైపు చూసి, "ఆ నిపుణుడు వద్దని రాస్తే అటే చూస్తాను. నాకైతే ఏదైనా ఒకటే. అంతా ఆయన చేతిలో ఉంది" అన్నాడు.

కాబట్టి నీ చేతిలో ఉంది. నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. రాసి చూసుకుంటే నాకే నవ్వొస్తోంది, నువ్వు పుట్టాక, ఇది చెయ్యి అని నీకు నేను చెప్పకుండా వదిలెయ్యడం ఇదే మొదటిసారి. నువ్వు ఏ సంతకం పెట్టినా నా తమ్ముడివే. ప్రార్థనలో కూడా ఇలా జరగాలని అడగలేదు. నీకు నిద్ర పట్టేదేదో అదే జరగాలని అడిగాను.

ఇప్పుడు డబ్బా తెరువు. మాత్రల డబ్బాలో దూది పరిచాను, జాగ్రత్తగా తియ్యి. ఈసారి దేని ప్రాణమూ తీయలేదు. తుంగ మొదట్లో అంటుకుని ఉన్న కుబుసం అది, వడ్లగింజంత ఉంటుంది. నీళ్లలో పెరిగిన పురుగు పైకి పాకి, వీపు చీల్చుకుని తూనీగై ఎగిరిపోయాక మిగిలేది. ఇది దొరికితే అది దారిన పోతూ వాలింది కాదు, అక్కడే పుట్టింది అని అర్థమని నువ్వే అనేవాడివి. అందుకే ఇది వెతికాను. మూడు రోజులు పట్టింది, కళ్లద్దాలు రెండుసార్లు నీళ్లలో పడ్డాయి.

కింద చిన్న చీటీ ఉంది చూడు. దుప్పట్లకి గుర్తు వేసే సిరాతో రాశాను. ఉతికినా పోదు. నా చేతి మీదుగా ముప్పై మూడేళ్లలో వార్డు గుర్తు తప్పిన దుప్పటి ఒక్కటి పోలేదు. నేను గుర్తు తప్పించింది నీ తూనీగకి ఒక్కదానికే. ఇది దానికి:

"ఆస్పత్రి బట్టల షెడ్డు వెనక ఊటగుంట. పూర్తి ఎండ. నిలిచిన నీరు, చీలమండ లోతు. పట్టినది: అక్క, బండమీద కూచుని."

మీ దగ్గర ఒక పద్ధతి ఉందని చెప్పావు గుర్తుందా. పాత చీటీలో తప్పున్నా దాన్ని తీసి పారెయ్యరని, అదే సూదికి కింద కొత్తది గుచ్చుతారని. ఇది కూడా అలాగే గుచ్చు. నేను చెప్పిన అబద్ధం కూడా ఉండనీ. రెండూ ఒకే సూదికి ఉంటేనే నాకు నచ్చుతుంది.

ఇంకో ప్రశ్న అడిగావు, అయిదింట్లో లేనిది. రిటైరైన మొదటి ఆదివారం ఏం చేస్తావక్కా అని. ఆ బండ అప్పటికి అక్కడ ఉంటే దానిమీద కూచుని కాసేపు నిద్రపోతాను. ఈసారి దొంగచాటుగా కాదు. పాపని తీసుకుని నువ్వూ రా. దానికి తూనీగ చూపిద్దువుగాని. కొండ ఎక్కక్కర్లేదు.

ఇట్లు,
అలిసిపోయిన
మీ పెద్దక్క